పదకొండు వందల నలభై ఏడో టికెట్

అధ్యక్షస్థానంలో ఉన్న మా డైరెక్టర్ రోవెనా గారికీ, పెద్దలకూ, ఇరవై ఆరేళ్లుగా నాతోపాటు హ్యూఆన్ నది నీటిమట్టాన్ని కనిపెట్టుకుని ఉన్న సహోద్యోగులకూ, విందు బల్ల మీద స్కాలప్ పైలు చల్లారిపోతున్నాయని ఇప్పటికే నా వంక గుర్రుగా చూస్తున్న మిత్రులకూ నమస్కారం. (నవ్వులు)

నన్ను పొగిడిన వాళ్లందరికీ కృతజ్ఞతలు. టికెట్ లేనిదే ఈ గ్లెనిస్ టీ కూడా తాగనివ్వదని బ్రెట్ ఇందాక నా గురించి చెప్పింది అబద్ధం కాదు. కెటిల్ పాడైందని వాడొచ్చి మొరపెట్టుకుంటే, పోయి టికెట్ రాయమన్నాను. (నవ్వులు) ముందు వరసలో ఉన్న మా అక్క మోరీన్‌కి ఈ గోలేమిటో తెలియదు గనుక ఒక్క మాట. అక్కా, వరద హెచ్చరికలు పంపే మా కంప్యూటర్ ప్రోగ్రాములో ఏ తప్పు కనబడినా దానికో అంకె వేసి టికెట్ రాస్తాం, సరిదిద్దాక మూసేస్తాం. ఏ వాక్యాన్ని ఎవరు, ఎప్పుడు మార్చారో అంతా చరిత్రలో ఉంటుంది. ఇక్కడ బుకాయింపులు కుదరవని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పిందాన్ని నేనే. బుకాయించిందాన్నీ నేనే.

ఈ సంగతి ఇవాళ ఎత్తవద్దని రోవెనా గారు పొద్దున్నే అన్నారు. శుభమా అని వీడ్కోలు చెబుతుంటే పాత పుండు కెలకడం దేనికన్నారు. ఆవిడంటే నాకు గౌరవమే. కానీ సోమవారం నుంచి మనం కొత్త వ్యవస్థకు మారుతున్నాం, మూసేసిన టికెట్లు అందులోకి రావు. ఇవాళ దాటితే పదకొండు వందల నలభై ఏడో టికెట్ ఇక ఎవరికీ కనబడదు.

పద్నాలుగేళ్ల కిందట, ఏప్రిల్‌లో, వేసవి వేళలు ముగిసి ఏటా చేసినట్టే అందరం గడియారాలు గంట వెనక్కి తిప్పిన ఆదివారం నాడు నది పొంగింది. మన హెచ్చరిక సరిగ్గా గంట ఆలస్యంగా వెళ్లింది. ఆపిల్ తోట బెరిల్ గారి భర్త గుర్రాలను విప్పబోయి నీళ్లలో కొట్టుకుపోయాడు. పక్క తోటవాళ్లు బయటికి లాగారు గాని, విరిగిన కాలు మళ్లీ నేలకు సరిగా ఆనలేదు. విచారణ నాకు అప్పగించారు. గడియారాల మార్పును పట్టించుకోకుండా గంటలు లెక్కగట్టిన వాక్యం ఎవరిదా అని చూస్తే, అప్పట్లో మాతో పనిచేసే అలిస్టర్ పేరు కనబడింది.

అలిస్టర్ చేసిందల్లా ఆ పేజీలో వంకరటింకరగా ఉన్న వరసలను సర్దడం. ఒక్క అక్షరం మార్చలేదు. కానీ ఆఖరున చెయ్యి పెట్టినవాళ్ల పేరే పైన కనబడుతుంది. అసలు రాసిందెవరో తెలియాలంటే చరిత్రలో ఇంకొక్క మెట్టు కిందికి దిగాలి. నేను దిగాను. అక్కడ నా పేరుంది. చూసి, ఏమీ ఎరగనట్టు, "కారణం: అలిస్టర్ చేసిన మార్పు" అని రాసి ఆ పదకొండు వందల నలభై ఏడో టికెట్ మూసేశాను. రాసింది గ్లెనిస్ కదా అని ఎవరూ తిరిగి చూడలేదు.

అతణ్ణి నది పని నుంచి తప్పించారు. ఆర్నెల్లకు లాన్సెస్టన్ పట్నంలో వేరే ఉద్యోగం చూసుకున్నాడు. వెళ్లే రోజు నా బల్ల దగ్గరికొచ్చి, "వరసలు సర్దితే లెక్కెట్లా మారిందో నాకిప్పటికీ అర్థం కావట్లేదు గ్లెనిస్. నీకేమన్నా తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను.

ఆ తర్వాత నేను పెట్టినవే ఈ నియమాలన్నీ. ఇద్దరు చూడనిదే ఏ మార్పూ బయటికి పోకూడదు, పైన కనబడిన పేరు దగ్గర ఆగకూడదు. వాటికే ఇవాళ నాకు శాలువా కప్పారు. దొంగే ఊరందరికీ తాళాలు చేయించినట్టయింది.

ఇవాళ పొద్దున ఆ టికెట్ మళ్లీ తెరిచాను. కారణం దగ్గర నా పేరు రాశాను. అలిస్టర్ మూయమంటే తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. రోవెనా గారూ, కావాలంటే ఈ శాలువా వెనక్కి తీసుకోండి, అది మాత్రం మూయనివ్వను. రేపు బెరిల్ గారింటికి వెళ్తున్నాను. అలిస్టర్‌ను ఇక్కడికి నేనే రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు. మూడో వరసలో ఉన్నాడు.

(అలిస్టర్ లేచి నిలబడి, "ఒక్క పేరు రాయడానికి పద్నాలుగేళ్లు పట్టిందా?" అన్నారు.)

పట్టింది అలిస్టర్. భయపడ్డాను, వేరే కారణమేమీ లేదు. ఈ ప్రశ్నా, నా జవాబూ కూడా పైల దగ్గరికి పోయేముందే ఆ టికెట్‌లో రాస్తాను.

ఇన్నాళ్లూ నన్ను నమ్మినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.