వెనక కూర్చునేవాడు

పొద్దున పదిన్నర. భారీ సరుకులకి బళ్ళు కుదిర్చిపెట్టే బ్రోకరు ఆఫీసు. బ్రోకరు వాళ్ళక్క వంట చేసిన చీరతోనే వచ్చి, మడత పెట్టిన కాయితం చేతిలో పట్టుకుని, అరగంట నుంచి కదలకుండా కూర్చుంది.

"నేనొకటి అడుగుతుంటే మంచినీళ్ళు తాగుతావా, టీ తాగుతావా అంటావేంట్రా?"

"చెప్పానుగా అక్కా. భయపడాల్సిందేం లేదు."

"ఏం లేకపోతే ఈ కాయితమెందుకు? 'నా ఇష్టంతోనే కూర్చుంటున్నాను, మా ఇంట్లోవాళ్ళకీ తెలుసు' అని రాసుంది. కింద తల్లి సంతకమట. నిన్న మధ్యాహ్నం మావాడు అన్నం తింటూ తింటూ కరెంటు బిల్లు ఇచ్చినట్టు నా ముందు పడేశాడు. అప్పట్నుంచీ నా ప్రాణం నా చేతిలో లేదు."

"అందరి దగ్గరా తీసుకుంటామక్కా. బీమావాళ్ళకి కావాలి."

"ఎక్కడ కూర్చుంటాడు?"

"బండిలో."

"బండిలో ఎక్కడ?"

"వెనకాల."

"నీళ్ళు నమలకు. వెనకాల అంటే?"

"అది మామూలు లారీ కాదు గదా. తొంభై ఆరు చక్రాలు. పైన ట్రాన్స్‌ఫార్మరు, ఇల్లంత ఉంటుంది, నూట నలభై టన్నులు. ముందు డ్రైవరు ఒక్కడే తిప్పితే తోక తిరగదు. వెనక చక్రాలు తిప్పడానికి ఇంకొకడు ఉండాలి. వాడికో చిన్న గూడు ఉంటుంది."

"సరుకు కిందా?"

"కింద అంటే... పక్కన. అంచున."

"అంచున పక్కనా, అంచున కిందా?"

"సరే, కిందే."

"ఆ గూట్లో మావాణ్ణి పెట్టి, ఆ పాత వంతెన దాటిస్తావు."

"చుట్టుతిరిగి వెళ్తే పదకొండు రోజులక్కా. ఆలస్యమైతే ఫ్యాక్టరీవాళ్ళు ఊరుకోరు."

"ఆ వంతెన మీద నడవాలన్నా నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను."

"నువ్వు మేడమెట్లు ఎక్కాలన్నా పెట్టుకుంటావు."

"నవ్వు. నీకు నవ్వులాటగానే ఉంటుంది."

"అది కాదక్కా. రిస్కు చూసుకోకుండానే ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నానా? దారంతా కొలిపించాను. ఏ తీగ ఎంత ఎత్తు, ఏ మలుపు ఎంత వెడల్పు, అన్నీ రాయించాను. వంతెనకి ఇంజనీరు సంతకం ఉంది. బండి దాని మీద ఉన్నంతసేపూ ఇంకో మనిషిని అడుగు పెట్టనివ్వం. నడక వేగంతో, మధ్యలో బ్రేకు నొక్కకుండా పోనిస్తాం."

"ఇంకో మనిషిని ఎందుకు పెట్టనివ్వరు?"

"పద్ధతి."

"కూలితే మిగతావాళ్ళు బతకాలనేగా?"

"అబ్బ, నీ నోరు."

"ఇంజనీరు ఎంత బరువుకని రాసిచ్చాడు?"

"సరుకు నూట నలభై, బండి బరువు దాని పైన. కాయితంలో ఎంతుంటే అంతకి."

"కాయితం సంగతి కాదు. అసలు ఎంత?"

"కింద వేసిన ఇనప దిమ్మలూ, కట్టిన గొలుసులూ, అవీ ఇవీ కలిపితే ఎంతవుతుందో నేనడగలేదు."

"ఎందుకడగలేదు?"

"అడిగితే చెప్తారు. చెప్తే తెలుస్తుంది. తెలిస్తే రాయాలి. రాస్తే బండి కదలదు."

"నీకు భయం లేదా?"

"నాదేముందక్కా అక్కడ? బండి ఒకడిది, సరుకు ఫ్యాక్టరీది, వంతెన సర్కారుది. నాదల్లా ఈ బల్లా, ఈ ఫోనూ. మా పనే అది. బరువు ఎవరో ఒకరి నెత్తిన ఉంటుంది. మన నెత్తిన లేకుండా చూసుకోవాలి."

"ఆ గూట్లో మనిషి ఎవరిది?"

"అదేం ప్రశ్న?"

"నాది. ఆ మనిషొక్కడు నాదిరా. సొంత మేనల్లుడే దొరికాడా నీకు?"

"బయటివాడైతే చిన్న దెబ్బ తగిలినా కోర్టుకెళ్తాడు. మనవాడైతే ఏదొచ్చినా ఇంట్లోనే సర్దుకుంటాం."

"ఎంత చల్లగా చెప్తున్నావురా."

"నువ్వు అడిగావు, చెప్పాను."

"ముందున్న డ్రైవరు సంగతేంటి?"

"వాడి తలుపు తీసే ఉంచుతాం. దూకుతాడు."

"గూటికి తలుపుందా?"

"ఉంది."

"తీస్తే ఎక్కడికి?"

"చక్రాల మధ్యకి."

"మావాడి పేరు తీసెయ్యి."

"అక్కా..."

"తీసెయ్యి. కోడలికి ఏడో నెల. మీ బావగారికి బీపీ. ఇంకేం చెప్పకు."

"తీసేస్తాను. కానీ గూడు ఖాళీగా పంపలేను గదా. ఎవణ్ణి పెట్టను?"

"నన్నడుగుతావేంటి? నీ దగ్గర పదిమంది ఉన్నారు."

"ఉన్నారు. పదిమందికీ తల్లులున్నారు. ఒక్కొక్కరే నీలాగే కాయితం పట్టుకుని వస్తారు."

"అయితే తల్లి లేనివాణ్ణి పెట్టు."

"ఎవణ్ణి?"

"తల్లి లేనివాడైతే ఎవరూ రారు గదా, అంటున్నాను."

"పేరు చెప్పక్కా."

"మా పొడుగోడు."

"నువ్వు పెంచినవాడేగా?"

"పెంచాను. మా మరిదీ తోడికోడలూ పోయాక ఆరేళ్ళవాణ్ణి తెచ్చుకున్నాను. మావాడితో సమానంగానే పెట్టాను, ఎవర్నైనా అడుగు."

"సమానంగానా?"

"ప్లీడరులా మాట్లాడకు."

"ఊరికే అడిగాను."

"వాడికేముందిరా? పెళ్ళా, పెటాకులా? పని మావాడితో పాటే నేర్చాడు, మావాడికంటే నిబ్బరం కూడా ఎక్కువ, కంగారుపడడు. అయినా భయపడాల్సిందేం లేదని నువ్వేగా అన్నావు. ఏం లేనప్పుడు ఎవడు కూర్చుంటే ఏంటి?"

"నిజమే. వాడి తరఫున కేసు పెట్టేవాళ్ళు కూడా ఉండరు."

"నేనా మాట అనలేదు."

"నువ్వనలేదులే. అరగంటలో పని నేర్చేసుకున్నావక్కా. నాకు ఏడేళ్ళు పట్టింది."

"నోర్ముయ్. కన్నకడుపు నీకేం తెలుస్తుంది? ఆరడుగుల మనిషి, ఇంతకీ ఆ గూట్లో పడతాడా?"

"పడతాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనతాయి, అంతే."

"నీకెలా తెలుసు?"

"కొలతలు తెలియకపోతే ఈ వ్యాపారం ఎందుకు? ఇదిగో, ఇంకో కాయితం. ఈ గీత మీద పెట్టు. పెంచినవాళ్ళు పెట్టినా చెల్లుతుంది."

"నేనా?"

"వాడికింకెవరున్నారు?"

"నేను చెప్పానని వాడికి తెలియకూడదు."

"తెలియదు."

"మావాడికీ చెప్పకు. వాళ్ళిద్దరూ ఒకరంటే ఒకరు ప్రాణం పెడతారు. తెలిస్తే నా మొహం చూడడు."

"ఎవరికీ చెప్పను. పెట్టు."

"పెన్ను రాయడం లేదు."

"ఇది తీసుకో."

"చాలా?"

"చాలు. ఆ పాతది ఇటివ్వు. చూశావా, నాలుగు ముక్కలు. మీవాడు మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తాడు."

"అమ్మయ్య. నిన్నట్నుంచీ ముద్ద దిగలేదురా. మరి పొడుగోడికి ఏమని చెప్తావు? వాడు ఎదురు చెప్పడులే, కానీ కాస్త మంచిగా... ఇదేంటి?"

"ఏంటి?"

"దీని మీద వాడి పేరు అప్పుడే రాసుంది. కింద వాడి సంతకం. నిన్నటి తారీఖు."

"అవును."

"నేను వాడి మాటెత్తింది ఇప్పుడేగా?"

"వాడిది ఉంది, నీ సంతకమొక్కటే తక్కువైంది. ముందే చెప్తే నువ్వు పెడతావో పెట్టవో. ఆ రిస్కు ఎందుకని ఊరుకున్నాను."

"వాడికి ఎవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు. మీ ఇంట్లో ఆ కాయితం చూశాడట. నిన్న సాయంత్రం తిన్నగా బండి దగ్గరికెళ్ళి, ఆ గూట్లో దూరి చూసుకుని, తర్వాత ఇక్కడికొచ్చాడు. 'అన్నయ్యని దింపెయ్యి మామయ్యా, నేను కూర్చుంటాను. పెద్దమ్మ చేత మాత్రం నువ్వే ఏదో ఒకటి చెప్పి సంతకం పెట్టించు. నన్ను ఆ గూట్లో పెడతానంటే ఆవిడ చచ్చినా ఒప్పుకోదు' అన్నాడు."