సాక్ష్యం దగ్గర ఆగిన ఆరాధన

అమ్మా, పాస్టరమ్మ అబిగయీలమ్మ గారూ, సంఘస్థులారా, అల్లూరు నుంచీ గూడూరు నుంచీ శ్రమపడి వచ్చిన పెద్దలారా, మన మందిరం గడప ఇదివరకెప్పుడూ తొక్కకపోయినా అయ్యగారి కోసం వచ్చి చాపల మీద కూర్చున్న పాలెం వారలారా, మీ అందరికీ నమస్కారం.

మన పాస్టరు ఓబయ్య గారు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. యాభై ఆరేళ్ళ మనిషి. ఉదయం ఛాతీలో నొప్పి అన్నారు, నెల్లూరు చేరేలోపే మనల్ని విడిచిపోయారు. ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్ళందరూ ఆయన మంచితనం చెప్పారు. నేను కూడా అదే చెప్పి దిగిపోతే మీరు మర్యాదగా వింటారు. కానీ ఆయన మీద మన సంఘాల పై అధికారులకు ఫిర్యాదు రాసింది నేనే. ఆ సంగతి చెప్పకుండా ఈ మైకు ముందు నిలబడే ముఖం నాకు లేదు.

నేను కామాక్షయ్యను. రిటైరైన తెలుగు మాస్టర్ని, ఇరవై రెండేళ్ళుగా ఈ సంఘానికి కార్యదర్శిని. గోడకు వేలాడుతున్న ఆ ఆరాధన క్రమం నేను రాసిందే. మొదటి పాట, ప్రార్థన, వాక్య పఠనం, రెండో పాట, సాక్ష్యాలు, మూడో పాట, ప్రసంగం, ఆశీర్వాదం. ఒకటి ముందుకు రాకూడదు, ఒకటి వెనక్కి పోకూడదు. నన్ను చాటుగా మీరు 'బెత్తం మాస్టరు' అంటారని నాకు తెలుసు. ఆ బెత్తం బడిలో వదిలేసి వచ్చాననే అనుకున్నాను.

అయ్యలారా, ఓబయ్య గారు వచ్చిన మొదటి ఏడాది ఏం జరిగింది? వాయుగుండం పట్టిన ఆదివారం. రెండో పాట రెండో చరణంలో ఉన్నాం. అలలు పడవల దాకా వచ్చేశాయని కబురొచ్చింది. ఆయన పాట ఆపేశారు. "పాట తర్వాత పాడుకుందాం, పడవలు పోతే మళ్ళీ రావు" అన్నారు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు. ఇస్త్రీ మడతలు నలగని తెల్ల బట్టలతో సంఘమంతా ఆయన వెనకే పోయింది. ఎవరి పడవ అని ఆయన అడగలేదు. గుడికి పోయేవాళ్ళవీ, మసీదుకు పోయేవాళ్ళవీ, ఎక్కడికీ పోనివాళ్ళవీ, అన్నింటికీ తాళ్ళు కట్టి గట్టు మీదికి లాగారు.

మరి నేనేం చేశానో తెలుసా? ఇక్కడే ఉండిపోయాను. నడవలేని నలుగురు ముసలమ్మలను ముందు కూర్చోబెట్టుకుని, మూడో పాట పాడి, ప్రసంగం బదులు ఒక అధ్యాయం చదివి, ఆశీర్వాదం దాకా పూర్తి చేశాను. మినిట్స్ పుస్తకంలో ఏం రాశానంటే, "ఆరాధన యథావిధిగా జరిగినది." నవ్వండి, పరవాలేదు. ఆ పేజీ చూపిస్తే ఆయన కూడా నవ్వారు. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు, కోపమొచ్చింది.

రెండో సంగతికి నవ్వలేం.

మన మందిరంలో సాక్ష్యం ఎలా చెప్తామో మీకు తెలుసు. "గడిచిన వారమంతా నన్నూ నా కుటుంబాన్నీ కంటిపాపలా కాపాడిన దేవునికి స్తోత్రం." మా నాయన అదే చెప్పాడు, నేనూ అదే చెప్తున్నాను. చెప్పేవాళ్ళు ఆ మాట అనగానే మనం ఆమెన్ అంటాం. వినే అంటామా? వినక్కర్లేకుండానే అంటాం. నోటికి అలవాటైపోయింది.

పోయినేడు సాయిలక్ష్మి భర్త పోలేరయ్య సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. నాలుగో రోజు శవం దొరికింది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆమె మందిరానికి వచ్చింది. సాక్ష్యాల వేళ తన వరుస రాగానే లేచింది. ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "గడిచిన వారమంతా నన్నూ నా కుటుంబాన్నీ" అన్నది. అక్కడ ఆగిపోయింది.

మనం ఆమెన్ అన్నాం.

అందరం అన్నాం. అందరికన్నా గట్టిగా నేనన్నాను. అనడమే కాదు, మూడో పాట నంబరు కూడా చెప్పాను. ఆ తల్లి అలాగే నిలబడి ఉంది, మనం పుస్తకాల్లో పేజీలు తిప్పుతున్నాం. పగవాడికైనా అలాంటి ఆమెన్ వినిపించకూడదు.

ఓబయ్య గారు వేదిక దిగి వచ్చారు. "ఆమె ఇంకా ముగించలేదు" అన్నారు. ఆడవాళ్ళ చాప అంచున నేల మీద కూర్చున్నారు. ఎంతసేపు? నాకు తెలియదు. చివరికి సాయిలక్ష్మి చెప్పింది. "నాకు స్తోత్రం రావడం లేదయ్యా. కోపం వస్తుండాది." అప్పుడు ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "కోపాన్ని గూడా ఈడికే తేవాల తల్లీ. ఇంకేడికి తీసకపోతావు?" అన్నారు. అప్పుడేడ్చింది ఆ బిడ్డ. భర్త పోయాక మొదటిసారి ఏడ్చిందని వాళ్ళత్త తర్వాత చెప్పింది. ఆ రోజు ప్రసంగం లేదు, ఆశీర్వాదం లేదు. అందరం ఆమెను ఇంటిదాకా దిగబెట్టి వచ్చాం.

ఆ రోజు నుంచి సాక్ష్యాల వేళ ఆయన ఒకటే చెప్పేవారు. పోయిన వారం చెప్పింది ఈ వారం చెప్పొద్దు, జరిగింది చెప్పండి అని. రొయ్యల గుంట ఎండిపోయినవాడు చెప్పాడు. తాగి పెళ్ళాన్ని కొట్టినవాడు లేచి చెప్పాడు. మధ్యాహ్నం ఒంటిగంట అయినా జనం కదల్లేదు. నాకు మాత్రం క్రమం చెడిపోయినట్టే తోచింది. నిజం చెప్పాలంటే, నా వరుస వచ్చినప్పుడు ఏం చెప్పాలో తెలియక భయపడ్డాను. ఆ భయానికే భక్తి అని పేరు పెట్టుకుని, నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, ఆరుగురి చేత సంతకాలు పెట్టించాను.

పై వాళ్ళు ఆయన్ని జవాబు రాసి పంపమన్నారు. ఆయన ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరకు వచ్చారనుకున్నారు? నా దగ్గరకే. "అన్నా, నువ్వు రాసింది శానా బాగుండాది. జవాబు గూడా నువ్వే రాసిస్తే తప్పుల్లేకుండా ఉంటది" అన్నారు. వెటకారం కాదు. ఆయనకు అర్జీలు రాయడం రాదు, నాకు వచ్చు, అంతే ఆయన లెక్క. నేను పని ఉందన్నాను. "సరే, తీరినప్పుడు రాయన్నా" అని వెళ్ళిపోయారు. అది సోమవారం. గురువారం ఆయన లేరు.

మనిషి పోయినా కాగితం పోలేదు, మిత్రులారా. వచ్చే మంగళవారం దాని మీద విచారణ ఉంది. మనం ఊరుకుంటే ఏమవుతుంది? ఆరాధనను పాడుచేసినవాడని ఆయన పేరు పుస్తకంలో మిగులుతుంది. వచ్చే పాస్టరుకు గోడ మీది క్రమమే చేతికిస్తారు. మళ్ళీ ఒక సాయిలక్ష్మి లేచి నిలబడితే, మళ్ళీ మనం ఆమెన్ అంటాం.

ఆయన అడిగిన జవాబు నిన్న రాశాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని దాని కింద రాశాను. సంతకాలు పెట్టిన మిగతా ఆరుగురూ ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, బెత్తం ఎత్తను. కాగితం బల్ల మీద పెడుతున్నాను. మీ మనసు ఏం చెప్తే అది చేయండి.

అబిగయీలమ్మా, మీ ఆయన నా ఇంటి గడపకు వచ్చి చిన్న సాయం అడిగితే వట్టి చేతులతో పంపించాను. అదే ఆఖరి చూపు. నేను చేసింది తప్పు. మీరు క్షమించలేకపోతే, ఆ మాట కూడా ఇక్కడే, అందరి ముందూ చెప్పండి. నేను వింటాను.

ఇప్పుడు మనమందరం లేచి నిలబడి ఆయన్ని తలచుకుందాం. మోకాళ్ళ నొప్పుల వాళ్ళు కూర్చునే ఉండండి. రెండు నిమిషాలని నేను లెక్కపెట్టను, ఇక చాలని గంట కొట్టను. ముగింపు పాట లేదు. ఆయనతో చెప్పాల్సింది మీలో ఎవరికైనా మిగిలి ఉంటే, మనసులో చెప్పుకోండి. చెప్పడం అయిపోయినవాళ్ళు కూర్చోండి.

నాకు చాలాసేపు పడుతుంది. నా కోసం ఆగకండి.