పంపుల లెక్కకి మావయ్య జవాబు

"లెక్కలంటే నాకు భయమేంటి? లెక్కలకే నేనంటే హడల్!" అంటూ లిఫ్ట్ మావయ్య పానాల సంచి మా టీ కొట్టు బల్ల మీద దభీమని పెట్టాడు. గాజు గ్లాసులన్నీ గల్లుమన్నాయి.

మా కొట్టుకి ఎదురుగా కోచింగ్ సెంటరుంది, నాలుగంతస్తులు. బిజినెస్ స్కూల్లో సీటు కోసం ప్రవేశ పరీక్ష రాసేవాళ్ళంతా అక్కడే చదువుతారు. అక్కడి లిఫ్ట్ నెలకి రెండుసార్లు మొరాయిస్తుంది, బాగుచేసేది ఈయనే. అందరూ లిఫ్ట్ మావయ్య అంటారు కానీ, నిజంగా మావయ్య అయ్యేది ఆ మూల కూర్చున్న అమ్మాయికి ఒక్కదానికే. ఈయన అక్క కూతురు.

ఆ పిల్ల ఎల్లుండి పరీక్ష రాయాలి. ఈ పరీక్ష తేదీ ఎవరికి వారే ఫోన్లో మార్చుకోవచ్చట. లెక్కలకి భయపడి ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకుంది. ఇంకోసారి వేసుకుంటే ఈ ఏడాది కాలేజీల గడువులన్నీ దాటిపోతాయి, ఇక సీటు మాట మర్చిపోవడమే. వాయిదా వేసుకోవాలన్నా ఇవాళ సాయంత్రం ఆరులోపే. అప్పటికి ఐదుంపావు. ఫోన్లో ఆ పేజీ తెరిచి పెట్టుకుని, నేనిచ్చిన టీ చల్లారబెడుతోంది.

"ఏమ్మా, మళ్ళీ వాయిదాయేనా?" అన్నాడు మావయ్య.

"నా వల్ల కాదు మావయ్యా. ముప్పై లెక్కలిస్తే పద్దెనిమిది చేసేసరికి టైమైపోతోంది. పొద్దున రాసిన మాదిరి పరీక్షలో కూడా అంతే."

"టైమైపోయిందా? నా మేనకోడలికి టైమ్ చాలలేదా? నలుగురూ వింటే నవ్విపోతారు. ఇలా తిరుగు, నా సంగతి చెబుతా విను."

"మొదలెట్టాడ్రా బాబూ!" అన్నాడు పక్క కొట్టు దర్జీ. మెడలో టేపు అలాగే ఉంచుకుని మరీ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు.

"మొన్న చలికాలంలో లిఫ్ట్ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుంది చూశారూ, అప్పుడు. నేను లిఫ్ట్ నెత్తిమీద కూర్చుని తాళ్ళు చూస్తున్నాను. సందులోంచి క్లాసులో బోర్డు కనిపిస్తోంది. లెక్చరర్ లెక్క రాశాడు. ఒకడు ఆరు రోజుల్లో కట్టే గోడ ఇంకొకడు పన్నెండు రోజుల్లో కడతాడు, ఇద్దరూ కలిస్తే ఎన్ని రోజులు అని. ఆయన సుద్దముక్క కింద పెట్టకముందే నేను పైనుంచి 'నాలుగు' అన్నాను. నాలుగే! ఇదో చిన్న విషయం, నేనెక్కడా చెప్పుకోను."

"చెప్పుకోకుండానే తొమ్మిదిసార్లు విన్నాం" అన్నాడు దర్జీ.

"నీ కత్తెర సంగతి నువ్వు చూసుకోవయ్యా! చొక్కా కుట్టమంటే సంచీ కుట్టేవాడివి, నీకేం తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ లెక్చరర్ పరుగెత్తుకొచ్చి, 'మాస్టారూ, ఎలా చేశారు' అని ఇంకో లెక్క ఇచ్చాడు. చేశాను. ఇంకోటిచ్చాడు. చేశాను. ఇలా కాదని లిఫ్ట్‌లోకి దిగి, కింద తలుపు మూసుకుని నాలుగో అంతస్తులో తెరుచుకునేలోపు నలభై లెక్కలు చేసి ఆయన చేతిలో పెట్టాను."

"ఆ లిఫ్ట్ పైకి పోవడానికి అరగంట పడుతుంది కదన్నయ్యా" అన్నాను నేను.

"నేను బాగుచేశాక పదమూడు సెకన్లు, చెల్లెమ్మా! అదీ నోట్లో స్క్రూలు పెట్టుకుని. అప్పటికీ ఆయన వదల్లేదు. ఎనిమిది వందల పేజీల పుస్తకం తెచ్చాడు. ఎడం చేత్తో పేజీలు తిప్పుతున్నా, కుడి చేత్తో నట్లు బిగిస్తున్నా, జవాబులు నోటితో చెబుతున్నా. రాసుకోలేక నలుగురు పిల్లలకి వేళ్ళు వాచాయి. సెంటర్లో ఉన్న సుద్దముక్కలన్నీ అయిపోతే గోడ సున్నం గీకి రాసుకున్నారు. వెళ్ళి చూడండి, మూడో అంతస్తులో గోడ ఇప్పటికీ బోడిగానే ఉంటుంది."

"అది వానకి పెచ్చులూడింది" అన్నాడు దర్జీ.

మావయ్య వినిపించుకుంటేగా! "అందులో రైళ్ళ లెక్క ఒకటుంది. రెండు రైళ్ళు ఎదురెదురుగా బయల్దేరాయి, ఎంతసేపటికి కలుస్తాయి? నేను రెండు గంటల ఇరవై నిమిషాలన్నాను. పుస్తకం వెనక రెండున్నర గంటలని ఉంది. అందరూ నా మొహం చూశారు. నేను పుస్తకం మొహం చూశాను. తీరా ఏమైందో తెలుసా? ఆ రైళ్ళే పది నిమిషాలు ముందొచ్చి నిలబడ్డాయి. 'అయ్యా, తమరి మాట పోకూడదని తొందరగా వచ్చేశాం' అన్నాయి."

ఆ పిల్ల పెదవి చివర చిన్న నవ్వొచ్చి పోయింది. వేలు మాత్రం ఫోన్ మీదే ఉంది. గోడ గడియారం చూశాను, ఐదున్నర దాటింది. నాకు లోపల్లోపల ఒకటే కంగారు. ఏడాదిన్నరగా చూస్తున్నాను ఆ పిల్లని. బ్యాంకులో డ్యూటీ దిగి నేరుగా వచ్చి, ఈ బల్ల మీదే లెక్కలు చేసుకునేది. ఇప్పుడు ఆ వాయిదా బటన్ నొక్కితే అదంతా బూడిదలో పోసినట్టే.

మావయ్య కూడా ఆ ఫోన్ వంకే చూసి, గొంతు ఇంకాస్త పెంచాడు.

"మర్నాడు పొద్దున్నే నాకు ఫోనొచ్చింది. ఎవరనుకున్నారు? పరీక్ష పేపర్లు తయారుచేసే పెద్దలు! పన్నెండు మంది, ఒకే ఫోన్లో ఏడుస్తున్నారు. 'బాబూ, తమరిలా లెక్కలన్నీ చేసేస్తే లోకంలో లెక్కలే మిగలవు. వచ్చే ఏడాది పిల్లలకి మేమేం ఇవ్వాలి? కాస్త దయచూసి ఓ వందైనా వదిలిపెట్టండి' అన్నారు. జాలేసింది. సరే పొమ్మని వంద వదిలేశాను. కాబట్టి తల్లీ, నువ్వు ఎల్లుండి రాయబోయేవి నీ మావయ్య వదిలేసిన ఎంగిలి లెక్కలు. వాటికా నువ్వు భయపడేది?"

"మరి ఆ వందా ఎందుకు వదిలేశావు, రాకనా?" అన్నాడు దర్జీ.

"రాకపోవడమా! నాకు రాని లెక్క ఇంకా పుట్టలేదు. ఇంకోటి చెబుతా, ఇది వింటే నీ నోట మాట రాదు. ఆ పుస్తకంలో పంపుల లెక్క ఒకటుంది. రెండు పంపులు ఒక తొట్టి నింపుతాయి. మొదటి పంపు ఒక్కటే అయితే ఎన్ని గంటల్లో నింపుతుంది? దానికింద రెండు మాటలిచ్చాడు. ఒకటి, రెండు పంపులూ కలిస్తే ఆరు గంటలు. రెండు, మొదటి పంపు రెండోదానికన్నా వేగంగా నింపుతుంది. అంతే, ఇంకేం లేదు. సెంటర్లో ఉన్న ముగ్గురు లెక్చరర్లూ చేతులెత్తేశారు. నేను కళ్ళు మూసుకుని 'పది గంటలు' అన్నాను. నాలుగంతస్తులవాళ్ళూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ అదురుకి లిఫ్ట్ దానంతటదే కదిలింది. పుస్తకం వెనక చూస్తే 'ఐదో జవాబు' అని ఏదో అచ్చేసి ఉంది. తప్పు! పదివేల పుస్తకాల్లో ఆ పేజీ చింపించాను. పుస్తకం రాసినాయన వచ్చి, చెప్పులు బయట విడిచి, నన్ను క్షమించమన్నాడు."

"మావయ్యా, ఆ లెక్క మళ్ళీ చెప్పు" అంది ఆ పిల్ల. మొదటిసారి తలెత్తింది.

మావయ్య ఉత్సాహంగా మళ్ళీ చెప్పాడు.

"పది ఎలా వచ్చింది?"

"పది గంటల పంపు ఒకటి, పదిహేను గంటల పంపు ఒకటి. కలిస్తే ఆరు. కావాలంటే వేసి చూసుకో."

ఆ పిల్ల దర్జీ చెవి మీదున్న సుద్ద లాక్కుని, నా బల్ల మీదే లెక్క వేసింది. "పది, పదిహేను. అవును, ఆరే."

మావయ్య మీసం మీద చెయ్యేశాడు.

"కానీ తొమ్మిది, పద్దెనిమిది వేసినా ఆరే వస్తోంది." ఇంకో గీత గీసింది. "ఎనిమిది, ఇరవై నాలుగు వేసినా ఆరే."

మావయ్య చెయ్యి మీసం దగ్గరే ఆగిపోయింది.

"వేగంగా అన్నారు కానీ ఎంత వేగమో చెప్పలేదుగా మావయ్యా. ఇది మా పరీక్షలో వచ్చే రకమే, అసలు ఎన్ని గంటలో చెప్పమని ఆ లెక్క అడగలేదు. ఇచ్చిన రెండు మాటలతో చెప్పడం కుదురుతుందా లేదా అని, అంతవరకే అడిగింది. ఐదో జవాబంటే, రెండూ కలిపినా సమాచారం చాలదు అని. పుస్తకమే రైటు. పాపం, పదివేల పేజీలు చింపించావు!"

దర్జీ బల్ల గుద్ది గుద్ది నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. మావయ్య "అంటే, పది కూడా తప్పు కాదుగా మరి..." అని నసిగాడు.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "నేను చేస్తున్నదీ ఇదే" అంది నెమ్మదిగా. "కుదురుతుందా అని అడిగితే, ఎంతో తేలేదాకా వదలను. తేలనివాటి దగ్గర ఆరేసి నిమిషాలు కూర్చుంటాను. మన ఇంట్లో ఎవరికీ 'తెలీదు' అనే మాట నోటికి రాదు మావయ్యా. అమ్మకి రాదు, నీకు అసలే రాదు, నాకూ రాదు. అది రాకే టైమ్ చాలట్లేదు. ఎంత సిగ్గుగా ఉందో!"

సంచిలోంచి పుస్తకం తీసింది. అలాంటివే మూడు లెక్కలు, ఒకదాని తర్వాత ఒకటి చేసింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. మూడింటికీ కలిపి నాలుగు నిమిషాలు. వెనక జవాబులు చూసుకుంది. మూడూ రైటే.

ఆరుకి ఐదు నిమిషాలుండగా ఫోన్లో ఆ పేజీ మూసేసింది. చల్లారిన టీ గటగటా తాగేసింది. "ఎల్లుండి రాస్తున్నా మావయ్యా. అమ్మకి నేనే చెబుతాను, నువ్వు చెప్పకు. నువ్వు చెబితే ఫస్టొచ్చేశానని చెబుతావు" అని, రోడ్డు దాటి సెంటర్లోకి పోయింది. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కింది.

మావయ్య ఆ పిల్ల కనబడినంతసేపూ చూశాడు. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత పానాల సంచి భుజాన వేసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"చూశారుగా? నేను కావాలనే తప్పు చెప్పాను. దాని జబ్బేంటో నాకు ముందే తెలుసు. మందు అలా వేయాలి!" అని చకచకా వెళ్ళిపోయాడు.

దర్జీ నా వైపు తిరిగాడు. "నిజంగానే కావాలని చెప్పాడంటావా అక్కా?"

ఏడాదిన్నరగా ఈ పిల్లల మధ్య టీ కాస్తున్నదాన్ని, నాకు ఆ మాత్రం లెక్క రాదా? బల్ల మీది సుద్ద గీతలు తుడుస్తూ అన్నాను.

"ఆయన మాట ఒకటి, ఆయన మొహం ఒకటి. రెండూ కలిపినా సమాచారం చాలదు."