నాగక్క చేన్లో వజ్రం

ఆలూరు రోడ్డు పక్కన చిన్న ఈరన్న టీ అంగడిలో బెంచీకి నడిమధ్య చోటు రంగస్వామిది. బస్టాండు దగ్గర సెల్లు రిపేరీ కొట్టు నడుపుతాడు గనుక, ఫోన్ల సంగతి ఊళ్లో తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం.

ఆ పొద్దున మాత్రం బెంచీ మీద అందరి చూపూ నాగక్క చేనువైపే ఉంది. తొలి వానకు వేరుశనగ వేసి ఎనిమిది రోజులైంది. మొలిచిందో లేదో చూసొస్తానని తెల్లారగానే పోయిన మనిషి ఇంకా తిరిగి రాలేదు. విత్తనం వేసిన నాడే ఆ చేన్లో వజ్రం దొరికిందని ఒక ఫొటో ఫోన్లన్నీ తిరిగింది. మా వైపు తొలకరి పడితే వజ్రాలు ఏరేవాళ్లు ఊళ్ల మీద పడటం మామూలే. పది మంది దిగి తొక్కితే వేసింది మట్టిపాలు, మళ్లీ వేయడానికి నాగక్క దగ్గర గింజ లేదు. అనుకున్నట్టే రెండు జీపులు వచ్చాయి, చేను గట్టు దాకా పోయాయి, ఎందుకో మనుషులు దిగకుండానే తిరిగిపోయాయి. మన కళ్లుగప్పి ఇంకెవరైనా దిగారేమోనన్న దిగులు మాత్రం ఊరిని వదల్లేదు.

"జీపులు ఎందుకు తిరిగిపోయినాయో నేను చెప్తా ఇనండప్పా," అని రంగస్వామి మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు నేను కొట్లో కూచోని ఒగ ఫోనుకి బ్యాటరీ ఏస్తాండా. టింగుమని మెసేజొచ్చె. చూస్తే ఎర్రమన్నులో మిలమిలా మెరిసే రాయి, కింద నాగక్క చేన్లో వజ్రం అని రాసుండాది. ఎవడో తలకాయల్యానోడు ముందూ ఎనకా చూడకుండా పెట్టినాడు. నేనైతే అట్ల చేసేటోణ్ణి కాదు. చేతిలో ఫోను ఉండాక బాధ్యత ఉండల్ల గదప్పా, వచ్చిందల్లా ముందుకు తోసేదేనా? నిజమా కాదా అని మొదలు చూడల్ల. ఫొటోని పెద్దది చేస్తి. చూస్తానే తెలిసిపాయ, అది సోడాబుడ్డి పెంకు."

"పెంకని ఎట్ల తెలిసెప్పా?" అన్నాడు దేవేంద్రప్ప. నలభై ఏళ్లుగా ఆ మన్నులోనే సేద్యం చేస్తున్న ముసలాయన.

"ఇంగా పెద్దది చేస్తి, పెంకు మింద సోడా పేరు కనపడె. ఇంగా పెద్దది చేస్తి, ఆ సోడా తాగినోడి ఏలిముద్ర కనపడె. ఆధార్‌లో పెట్టి చూస్తే ఆ మనిషి పత్తికొండోడు, చచ్చిపోయి ముప్పై ఏండ్లాయ."

"ముప్పై ఏండ్ల కిందట ఆధార్ యాడుండాదప్పా?" ఆటో నడిపే ఓబుళేశు అడిగాడు.

"అదేగదా నేను చెప్పేది. ఆధార్ ల్యాకున్యా కనుక్కున్యా. ఆ తర్వాత ఏమైందో తెల్సా? ఒగ మెసేజు రాస్తి. ఇది అబద్ధం, ఎవురూ రావద్దండి, అంతే. ఆ మెసేజు ఊరికే పోల్యా, ముందుపోయిన ఫొటోని తరుముకుంటా పాయ. గుంతకల్లులో పట్టుకొనె, బళ్లారిలో పట్టుకొనె, రాయచూరులో ఒగాయప్ప దాన్ని ఇంగొగరికి పంపేకి బొటనేలు ఎత్తినాడు, ఎత్తినేలు ఎత్తినట్టే నిలిచిపాయ. రెండు దినాలు ఎడమచేత్తో కూడు తిన్యాడంట."

"రెండు దినాలేనా?" అన్నాడు ఈరన్న, టీ వడగడుతూ.

"నాలుగు. మీరు నమ్మరని తగ్గించి చెప్తాండా. ఇంగ జీపులంటారా, మీరు చూసినేటివి రెండు. వాటి ఎనకాల ఆదోని దాకా వరస. దాని ఎనకాల రైలు. రైలు డ్రైవరు నా మెసేజు చదువుకొని, ఏం చేసినాడనుకున్యారు? రైలుని పట్టాల మింద నించి దించి, పక్క పొలంలో ఎద్దులబండిని తిప్పినట్టు తిప్పుకొని ఎనక్కి తోలుకపాయ. ఓర్వకల్లులో దిగాల్సిన ఇమానం ఉండె. దాంట్లో దుబాయి సేట్లు, సంచుల నిండా దుడ్లు. ఆకాశంలో నించే మన నాగక్క చేనుకి బేరమాడుకుంటాండారు. నా మెసేజు పైకి పొయ్యి ఇమానం అద్దం తట్టె. పైలెట్టు అద్దం దించి చదివి, మంచిదప్పా రంగస్వామీ అని చెయ్యూపి పాయ."

"ఇమానం అద్దం దించేకి వస్తాదా?"

"ఆ పొద్దు వచ్చె, ఓబుళేశూ. నా ఫోను ఎంత కాగిందంటే, ఇదే బెంచీ మింద పెడితే ఈరన్న దాని మింద పదారు టీలు పెట్టినాడు. అడుగు కావాలంటే."

"గ్యాసు మిగిలింటే నాకు యాదుండేదప్పా," అన్నాడు ఈరన్న.

ఎవరో నవ్వారు. రంగస్వామి నవ్వలేదు. అతని చేతిలో టీ ఎప్పుడో చల్లారింది, చూపు మాటిమాటికీ చేను దారి మీదికే పోతోంది. మాట ఆపితే ఏదో మీద పడుతుందన్నట్టు గబగబా అందుకున్నాడు.

"ఆఖరికి ఏమైందో తెల్సా? పైన తిరిగే ఉపగ్రహాలుండాయే, వాటిని నడిపే ఆఫీసులోనించి పెద్దాయప్ప ఫోను చేసె. రంగస్వామీ, నీ దెబ్బకి దేశంలో అబద్ధాలన్నీ నిలిచిపాయ, ఫోన్లు మోగల్యా, జనాలు ఏమీ తోచక ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుంటాండారు, శానా ఇబ్బందిగా ఉండాది, రవ్వంత వదులు చెయ్యి నాయనా అని బతిమాలె. పోనీలే పాపమని, పొద్దున్నే పంపుకునే గుడ్ మార్నింగ్ పూలబొమ్మలకి మాత్రం దారిడిస్తి."

అప్పుడు నాగక్క వచ్చింది. కాళ్లకు ఎర్రమన్ను, కొంగు నడుముకు చుట్టి ఉంది. బెంచీ కొసన కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది.

"మొలిచిందప్పా," అంది. "ఈ గట్టు నించి ఆ కంపకంచె దాకా, సాలు తప్పకుండా ల్యాసింది."

దేవేంద్రప్ప రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. ఓబుళేశు భుజాలు దిగాయి. ఈరన్న ఇంకో చెంచా చక్కెర వేసి ఆమెకు టీ అందించాడు. ఎనిమిది రోజులుగా ఊరంతా బిగబట్టిన ఊపిరి అది.

రంగస్వామి మీసం మీదికి చెయ్యి పోయింది. "చెప్పల్యా నేను?"

"ఒగ మూర జాగాలో మాత్రం మొలవల్యా," అంది నాగక్క. "ఎవురో గొంతుకూచోని కట్టెపుల్లతో గెలికిండారు. ఆడ బురదలో చెప్పు అచ్చు పడి ఎండిపోయిండాది. మడమకాడ అతుకేసిన కుట్లు గూడా తెలుస్తాండాయి."

రంగస్వామి కాళ్లు మెల్లగా బెంచీ కిందికి జరిగాయి. అందరూ చూశారు.

ఓబుళేశు ఫోను తీశాడు. "గుంతకల్లులో మా బామ్మర్ది వజ్రాలేరే గ్రూపులో ఉండాడు. మనూరోళ్లు ఒగడు తప్ప ఎవురూ దాంట్లో ల్యారు. నిన్న నాకొగ వాయిస్ పంపినాడు. ఈ గొంతు ఎవురిదో చెప్పండి," అని నొక్కాడు.

"అన్నలారా, ఆ ఫొటో పెట్టింది నేనే. నా పేరు రంగస్వామి, సెల్లు కొట్టు రంగస్వామి. అది వజ్రం కాదు, సోడాబుడ్డి పెంకు. మెరిసేకొద్దికి నిజమా కాదా అని చూడకుండా పెడితి. మీరందరూ మెచ్చుకుంటారని పెడితి. ఆ చేన్లో నాగక్క ఇత్తనం ఏసిండాది, మళ్లా ఏసేకి గింజల్యావు. గట్టు మింద కట్టె పట్టుకోని కూచోనుండాది, కూడు గూడా తినల్యా. నాకు చూసేకి కాల్యా. తప్పు నాది. తిట్టేదుంటే నన్ను తిట్టండి, చేన్లోకి మాత్రం దిగద్దండి. ఆ ఫొటో మీరు యాడికి పంపినారో, ఈ మాట గూడా ఆడికంతా పంపండి. మీ కాళ్లు పట్టుకుంటా."

అందరూ రంగస్వామి వైపు తిరిగారు.

"జీపోళ్లు గట్టుకాడ ఇది ఇనే తిరుక్కున్యారంట," అన్నాడు ఓబుళేశు.

ఆ ఫొటో పెట్టినవాణ్ణి ఎనిమిది రోజులుగా నాగక్క తిట్టని తిట్టు లేదు. ఇప్పుడూ తిట్టాలనే ఉంది. కానీ మొలక చూసి వచ్చిన కళ్లలో కోపం నిలవడం లేదు.

"ముక్కూ మొగం తెలీనోళ్లందరికీ చెప్పుకుంటివి గదా. నాకొగదానికి చెప్పేకి నోరు రాల్యానా, రంగస్వామీ?"

"నీకు చెప్పేదే కష్టమక్కా," అన్నాడు అతను, తల ఎత్తకుండా. "వాళ్లకైతే ఫోన్లో చెప్తి."

నాగక్క కొంగు ముడి విప్పింది. నాలుగు వేరుశనగ గింజలు. "నువ్వు గెలికినప్పుడు పైన పడినేటివి. చీమలు తినంగా ఇవి మిగిలినాయి. పొయ్యి నీ చేత్తోనే పెట్టు. చెప్పులిడిసి దిగు."

అతను రెండు చేతులూ పట్టి తీసుకున్నాడు. ఎనిమిది రోజుల బరువు ఒక్కసారిగా దిగినట్టు ముఖం తేటపడింది. చెప్పులు బెంచీ కిందే వదిలి, వట్టి కాళ్లతో నాలుగు అడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు.

"నా చెయ్యి పడితే ఈ నాలుగు గింజలు ఏమైతాయో తెల్సా? ఒగో చెట్టుకి..."

"మొలిచినాంక చెబుదువులే, పో అప్పా," అన్నాడు ఈరన్న.