ఏలీయా నడిపిన లారీ

తాడేపల్లిగూడెం శివారున, లారీలకు చెక్క బాడీలు కట్టే అబ్దుల్ హమీద్ షెడ్డు. గుమ్మంలో ట్రాక్టరు లాక్కొచ్చిన పాత బానెట్ లారీ. ముందు భాగానికంతా కొత్త రంగు, వెనక ఉత్త ఛాసిస్. దాని పక్కన పుష్పలత.

“ఏలూర్లో అన్ని షెడ్లుండగా ఇంత దూరం ఈడ్చుకొచ్చావేంటమ్మా?”

“అన్నీ తిరిగానండి, హమీదు గారూ. ఒకాయన చెక్క లేదన్నాడు. ఒకాయన మనుషుల్లేరన్నాడు. ఇంకొకాయన బండిని చూడగానే భోజనానికి వెళ్ళిపోయాడు, పొద్దున్నే.”

“ఎవరిదీ బండి?”

“నాదేనండి. భీమడోల్లో పాత ఇనుము కొట్లో కొన్నాను.”

“అంతకుముందు?”

“చేపల హనుమంతరావు గారిది.”

“అయితే నువ్వు…”

“డ్రైవరు ఏలీయా భార్యనండి.”

“కూర్చో తల్లీ. కూర్చో. కానీ ఆయన బళ్ళు నా దగ్గరికే వస్తాయమ్మా. ఇప్పుడూ లోపల రెండున్నాయి.”

“తెలుసండి. అందుకే ముందు మీ దగ్గరికి రాలేదు.”

“మరిప్పుడు?”

“మిగతావాళ్ళు అయిపోయారు.”

“ఆయనకి పోటీగా చేపల లోడు కొడతావా? కొల్లేటి చెరువులన్నీ ఆయన గుప్పిట్లో ఉన్నాయి. నీకు లోడెవడిస్తాడు?”

“లోడు సంగతి నేను చూసుకుంటానండి. మీరు బాడీ కట్టండి. మూడు పక్కలా కొత్త చెక్కే. కుడిపక్క మాత్రం ఈ పాత పలకలు బిగించాలి. ట్రాక్టరు తొట్లో తెచ్చాను.”

“ఇవా? పిసికితే పొడైపోతాయి. ఆగు… ఇదేనా విరిగింది?”

“అదేనండి. చేపల పెట్టెలెక్కించి తాడు బిగిస్తుంటే విరిగి, పెట్టెలన్నీ మా ఆయన మీద పడ్డాయి. పుచ్చిపోయింది, మార్పించండని ఎన్నాళ్ళు మొత్తుకున్నాడో. పోయాక ఆ పెద్దమనిషేమన్నాడు? తాగి పడ్డాడన్నాడు. పోలీసులకీ అదే చెప్పాడు, మా పాస్టరు గారికీ అదే చెప్పాడు. సమాధి దగ్గర ప్రార్థన కూడా తాగుడు మానమనే చేశారండి.”

“ఏలీయా తాగడమేంటి? ఈ షెడ్డులో ఎన్నిసార్లు పడుకున్నాడో. టీ ఇస్తేనే వద్దనేవాడు.”

“ఆ మాట అప్పుడెవరూ అనలేదండి.”

“…కొత్త పలక వేస్తానమ్మా. దీంతో రోడ్డెక్కితే ఇంకో ప్రాణం పోతుంది.”

“రోడ్డెక్కదండి.”

“ఎక్కకపోతే?”

“దానికసలు ఇంజనే లేదు. బానెట్టెత్తి చూడండి. హనుమంతరావు గారి మేడ గేటుకి ఎదురుగా నా జాగా ఉంది. దిమ్మలు కట్టించాను. వాటిమీద నిలబెట్టేస్తాను. ఆయన గేటు తీసినప్పుడల్లా ఆ కుడిపక్కే కనబడాలి. పలక పైన మా ఆయన పేరు. కింద ‘తాగలేదు’ అని.”

“పీకించేస్తాడమ్మా.”

“నా జాగా, నా బండి. ఎందుకు పీకిస్తున్నాడో ఊరికి చెప్పి పీకించమనండి.”

“ఇక్కడ కట్టించావని తెలిస్తే లోపలున్న బళ్ళు ఇవాళే తోలుకుపోతాడు.”

“పోతాడండి. కాదంటే చెప్పెయ్యండి, ట్రాక్టరు ఇంకా వెళ్ళలేదు.”

“…పంపించెయ్యి ట్రాక్టర్ని. కానీ ఒక్కటి. రంగుతో రాస్తే పగలే కనబడుతుంది. ఆ మనిషి ఇంటికి చేరేది చీకటి పడ్డాక. రేడియం అక్షరాలు వేయిస్తాను. కారు లైట్లు పడగానే వెలగాలి, ఏలీయా పేరు.”