ఊరు దాటిన కప్పు

అంకమ్మరావుకి చెడుగుడంటే ప్రాణం. ఊళ్ళో కుర్రాళ్ళ చెడుగుడు సంఘానికి వాడే పెద్ద, డబ్బుపెట్టె కూడా వాడి దగ్గరే. డబ్బెక్కడిదనుకున్నారు? ఆదివారం ఆదివారం జట్టంతా మిరపకోతకి పోయి, వచ్చిన కూలిలో సగం పెట్టెలో వేసేవాళ్ళంట. దాంతో ఏడాదికోసారి పిచ్చమ్మగారి ఖాళీ స్థలానికి కౌలు కట్టి, అక్కడ ఆడుకునేవాళ్ళు. ఏమైందంటే, ఆ ఏడు సంఘమే పందెం పెట్టింది. గెలిచినోళ్ళకి కప్పివ్వాలి కదా! మనోడు గుంటూరు పోయి, కౌలుకి దాచిన ఆరువేలూ పోసి నడుమెత్తు కప్పు తెచ్చాడంట. "ఇదేందన్నా, కౌలెట్టా?" అన్నారు కుర్రాళ్ళు. "ఒరే, గెలిచేది మనమేగా! పందెమయ్యాక తిరిగిచ్చేస్తే డబ్బులిస్తానన్నాడ్రా షాపాయన" అన్నాడంట. నవ్వకండి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంకేముంది, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయారు. పొరుగూరోళ్ళు కప్పుని ట్రాక్టరెక్కించి డప్పులు కొట్టుకుంటా పోయారు. తెల్లారి పిచ్చమ్మగారొచ్చి, వారంలో కౌలు కట్టకపోతే ఇక్కడ మిరపకాయలు ఆరబోసుకుంటాను నాయనా, నాకూ జరగాలి కదా అందంట. ఆమె తప్పేం లేదు లెండి. నేల పోతే సంఘం పోయినట్టే. అంకమ్మరావు సైకిలేసుకుని పొరుగూరి జట్టు పెద్ద మీరావలి దగ్గరికి పోయాడు. కప్పు తిరిగివ్వమందామని నోటిదాకా వచ్చిందంట, అడగలేకపోయాడు. సిగ్గు చంపుకుని జరిగిందంతా చెప్పేశాడు, ఏడ్చినంత పని చేశాడనుకోండి. మీరావలి కడుపు పట్టుకుని నవ్వి, "అన్నా, మాకు కప్పుంది గానీ ఆడే నేల లేదు. కాలవకట్ట మీద ఆడి మోకాళ్ళు పగలగొట్టుకుంటన్నాం. మీతోపాటు మేమూ అక్కడే ఆడతాం. కౌల్లో సగం మాది. కప్పు మాత్రం అడగమాక!" అన్నాడంట.

మిగతా సగానికి ఏం చేశారంటే, రెండు జట్లూ కలిసి ఆ వారమంతా మిరపకోతకి పోయారు. అదీ ఎవరి చేలో? పిచ్చమ్మగారి చేలోనే! కూలి కౌల్లో తీసేసుకోమన్నారు. పధ్నాలుగు మంది వరసగా కోసుకుపోతంటే ఆమె మజ్జిగ కూడా పోసిందంట.

ఇప్పటికీ ఏటా పందెం పెడతానే ఉన్నారు, మనోళ్ళు ఇంతవరకూ ఆ కప్పు ముట్టలా. అయినా సాయంత్రం రెండూళ్ళ కుర్రాళ్ళు కలిసి కూతపెడతంటే నాకు కడుపు నిండిపోద్ది. ఓడిపోయి బాగుపడ్డ సంఘాన్ని నేను దీన్నొక్కదాన్నే చూశానయ్యా.