కరియ పిల్లలు

బెళుగుప్ప గుట్టలో, లోపల పిల్లలున్న తోడేలు బొరియకు ముళ్లకంప అడ్డంపెట్టి, గొర్రెల కాపరి అగ్గిపుల్ల తీశాడు. తోడేళ్ల జన్యువుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆయాసపడుతూ గుట్టెక్కి వచ్చింది.

“ఆగన్నా! ఆ పిల్లల వెంట్రుకల పరీక్ష ఫలితం వచ్చింది.”

“వస్తే రానీమ్మా. వాటి తల్లి నా గొర్రెపిల్లల్ని ఎత్తుకపోయింది. ఇవి పెరిగితే ఇంగ మంద మిగలదు.”

“తల్లి తోడేలే. తండ్రి మాత్రం కుక్క.”

“యాడి కుక్క?”

“మీ కరియ. అది తప్పిపోకముందు దాని వెంట్రుకలు కూడా తీసుకున్నా కదా, రెండూ కలిసినాయి.”

“దసరాకు పోయినాడమ్మా వాడు. చచ్చిపోయినాడని మా ఇంటామె ఎంత ఏడ్చినాదో.”

“నిజం చెప్పాలంటే, కుక్క రక్తం కలిస్తే తోడేలు జాతికి మంచిది కాదన్నా. నాకూ బాధే. అయినా నీకు చెప్పకుండా ఉండలేకపోయినా.”

“జాతి సంగతి నాకు తెల్దు. కంప సందులోంచి ఆ నల్లపిల్లను చూడు, చెవి వాల్చి అచ్చం వాని మాదిరే చూస్తాండాది.”

“మరి నీ మంద?”

“రేపు విడపనకల్లు దిక్కు తోలుకపోతాలే. ముందు ఈ కంప ఇవతలికి లాగుదాం, చెయ్యెయ్యి. వాళ్లమ్మ ఆ బండ కాడ నిలబడి చూస్తాండాది. మనం పోతేగానీ పాలియ్యనీకి రాదు, పాపం.”